ఓపెన్ ఎంపీఐ: ఎనిమిదేళ్లు వాడాక

ఓపెన్ ఎంపీఐ అంటే ఒకే లెక్కను చాలా ప్రాసెస్‌లు పంచుకుని, ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటూ చేసేందుకు వాడే లైబ్రరీ. ఎంపీఐ అనేది ఆ కబుర్ల ప్రమాణం. మొన్న ల్యాబ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు వచ్చి, "అన్నా, 48 ప్రాసెస్‌లు అడిగితే 48 మందీ నేనే సున్నా అంటున్నారు" అన్నాడు. చూస్తే నిజమే. స్క్రీన్ నిండా "ర్యాంక్ 0, మొత్తం 1" అనే లైనే 48 సార్లు. ర్యాంక్ అంటే ప్రాసెస్ వరస నంబరు, 0 నుంచి 47 దాకా రావాలి. నవ్వొచ్చింది. నా మొదటి వారంలో నేను రెండు రోజులు తల పట్టుకున్నది సరిగ్గా దీని దగ్గరే. కంపైల్ చేసింది ఓపెన్ ఎంపీఐతో, నడిపింది అదే ప్రమాణానికి ఇంకో లైబ్రరీ అయిన ఎంపిచ్ వాళ్ల ఎంపీఐరన్‌తో, అంటే ప్రాసెస్‌లని మొదలుపెట్టే కమాండ్‌తో. పెళ్లి ఒకరితో, కాపురం ఇంకొకరితో అన్నమాట. ఆ ఎంపీఐరన్ పంపే కబురు ఈ లైబ్రరీకి అర్థం కాదు కాబట్టి ప్రతి ప్రాసెస్సూ లోకంలో తానొక్కడే ఉన్నాననుకుని హాయిగా నడిచిపోతుంది. ఎర్రర్ కూడా రాదు.

నేను సిస్టమ్ అడ్మిన్‌ని కాదు. ద్రవాల ప్రవాహం మీద సిమ్యులేషన్లు నడుపుకునే మామూలు యూజర్‌ని. 2.1 వెర్షన్‌తో మొదలుపెట్టి ఇప్పుడు 5.0 దాకా వచ్చాను, మధ్యలో మూడు క్లస్టర్లు (కలిపి కట్టిన కంప్యూటర్ల గుంపులు) మారాను. ఈ సమీక్ష అడ్మిన్ల కోసం కాదు, స్లర్మ్‌లో (క్లస్టర్ మీద జాబ్‌లని వరసలో పెట్టి నడిపే సాఫ్ట్‌వేర్) జాబ్ వేసి ఫలితం కోసం ఎదురుచూసే నాలాంటి వాళ్ల కోసం.

ఎల్ఏఎం, ఎల్ఏ ఎంపీఐ, ఎఫ్‌టీ ఎంపీఐ అని విడివిడిగా ఉన్న ఎంపీఐ లైబ్రరీలని కలిపి 2004 ప్రాంతంలో ఈ ప్రాజెక్టు పెట్టారు. ఆ కలుపుగోలుతనం ఇప్పటికీ కనిపిస్తుంది: కింద ఇన్ఫినీబ్యాండ్ అనే వేగమైన నెట్‌వర్క్ ఉన్నా, మామూలు ఈథర్‌నెట్ ఉన్నా, ఒకే మెషీన్‌లో షేర్డ్ మెమరీ ఉన్నా నా కోడ్‌లో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. నచ్చిన ఇంకో సంగతి, ఎంపీఐసీసీ అనే కంపైల్ కమాండ్‌కి షోమీ అని ఆప్షన్ ఇస్తే వెనకాల జీసీసీ కంపైలర్‌ని ఏ దారులతో, ఏ లైబ్రరీలతో పిలుస్తోందో మొత్తం కక్కేస్తుంది. నా సగం కేసులు ఆ ఒక్క లైన్ చూస్తేనే తేలిపోయాయి.

ఒకటి చెబుతాను. ప్రోగ్రాం కంపైల్ అయింది, లింక్ అయింది, మొదటి ఎంపీఐ కాల్ దగ్గరే సెగ్మెంటేషన్ ఫాల్ట్. పడిపోయిన చిరునామా చూస్తే 44000తో మొదలవుతోంది. ఈ అంకె చూడగానే పాత కాపులు కారణం చెప్పేస్తారు. ఎంపిచ్‌లో కమ్ వరల్డ్ (జాబ్‌లోని ప్రాసెస్‌లన్నిటి గుంపుకి పేరు) అనేది 44000000 అనే హెక్స్ అంకె. ఓపెన్ ఎంపీఐలో అదే పేరు ఒక పాయింటర్, అంటే మెమరీ చిరునామా. హెడర్ దానిదీ లైబ్రరీ దీనిదీ అయితే, ఆ అంకెనే చిరునామా అనుకుని తలుపు తట్టబోయి పడుతుంది. వెతికితే మేక్‌ఫైల్‌లో ఎవరో సీనియర్ ఎప్పుడో పెట్టి మరిచిపోయిన ఇంక్లూడ్ దారి దొరికింది. 2025 జూన్‌లో వచ్చిన ఎంపీఐ 5.0 ప్రమాణంలో అందరికీ ఒకే ఏబీఐ, అంటే కంపైలైన ప్రోగ్రాంకీ లైబ్రరీకీ మధ్య ఒకే ఒప్పందం, పెట్టారు. అన్ని క్లస్టర్లలోకీ అది దిగిన రోజున ఈ రకం గోల తగ్గుతుంది.

ఇక నా అసలు ఫిర్యాదు బైండింగ్ గురించి, అంటే ఏ ప్రాసెస్‌ని ఏ కోర్‌కి కట్టేయాలన్న దాని గురించి. నోడ్‌కి, అంటే క్లస్టర్‌లో ఒక్కో మెషీన్‌కి, రెండు సాకెట్లు (ప్రాసెసర్ చిప్పులు), ఒక్కో దాంట్లో 24 కోర్లు. రెండు ప్రాసెస్‌లు, ఒక్కోదానికి 24 ఓపెన్ఎంపీ (ఓపెన్ ఎంపీఐ కాదు, ఒకే ప్రాసెస్‌ లోపల పని పంచేది) థ్రెడ్లు అని హైబ్రిడ్ జాబ్ వేశాను. రెండు గంటల్లో అయిపోవాల్సింది తెల్లారినా సాగుతూనే ఉంది. నోడ్‌లోకి వెళ్లి టాప్ కమాండ్ చూస్తే, ఒక్కో ప్రాసెస్‌కి 2400 దగ్గర ఆడాల్సిన సీపీయూ శాతం 100 దాటట్లేదు. హెచ్ నొక్కి థ్రెడ్లు విడదీస్తే ఒక్కోదానికి నాలుగేసి శాతం. రిపోర్ట్ బైండింగ్స్ అనే ఆప్షన్‌తో మళ్లీ వేస్తే బండారం బయటపడింది: ప్రతి ర్యాంకుకీ ఒక్కటంటే ఒక్క "బి" (కట్టేసిన కోర్ గుర్తు), మిగతావన్నీ చుక్కలు. ప్రాసెస్‌లు రెండు లేదా అంతకన్నా తక్కువైతే ఒక్కోదాన్నీ ఒక్క కోర్‌కే కట్టేయడం దీని డిఫాల్ట్, 1.8 వెర్షన్ నుంచీ ఇంతే. ఇరవై నాలుగు మందికి ఒకే కుర్చీ. సాకెట్‌కి ఒక ప్రాసెస్, దానికి 24 కోర్లు అని మ్యాప్ బై ఆప్షన్‌లో చెప్పాక దారికొచ్చింది. డాక్యుమెంటేషన్‌లో ఉంది కదా అంటారు. ఉంది. రాత్రి పదకొండింటికి జాబ్ వేసేవాడు అది చదవడు.

మా సీటు పక్కనే నాలుగు పాత మెషీన్లతో కట్టుకున్న బుల్లి క్లస్టర్‌లో ఇంకో వింత. ఇనిట్ (ఎంపీఐని మొదలుపెట్టే కాల్) దాటుతుంది, మొదటి మెసేజ్ దగ్గర రాయిలా ఆగిపోతుంది. పింగ్ బావుంది, ఎస్ఎస్‌హెచ్ బావుంది. చివరికి తేలిందేమంటే, నాలుగింటిలోనూ వర్చువల్ మెషీన్ల కోసం పుట్టిన ఒక డమ్మీ ఇంటర్‌ఫేస్ ఉంది, అన్నిట్లోనూ దాని అడ్రస్ 192.168.122.1. అందరూ ఒకే వీధిలో ఉన్నారనుకుని ఓపెన్ ఎంపీఐ ఆ దారిన పక్క మెషీన్‌ని పిలుస్తోంది, పిలుపు తిరిగి తన గుమ్మానికే వస్తోంది. టీసీపీకి ఏ ఇంటర్‌ఫేస్ వాడాలో ఎంసీఏ అనే సెట్టింగుల ఆప్షన్‌తో చెప్పేశాం, ఆ పూటతో పీడ వదిలింది.

అన్ని నిందలూ లైబ్రరీ మీద వేయకూడదు. గ్రిడ్ చిన్నగా ఉంటే చక్కగా నడిచి, పెంచగానే వేలాడిపోయే కోడ్ ఒకటి నాదే. జీడీబీ డీబగ్గర్‌తో రెండు ప్రాసెస్‌లకీ తగులుకుని చూస్తే ఇద్దరూ సెండ్‌లోనే ఉన్నారు. ఇద్దరూ పళ్లెం పట్టుకుని నిలబడ్డారు, అందుకునే చెయ్యి ఎవరికీ ఖాళీ లేదు. చిన్న మెసేజ్‌లని లైబ్రరీ తన బఫర్‌లో పెట్టుకుని మనల్ని పంపించేస్తుంది కాబట్టి తప్పు అన్నాళ్లూ దాగింది. అప్పట్నుంచీ కొత్త కోడ్ రాసినప్పుడల్లా సెండ్‌లన్నీ ఒకసారి ఎస్‌సెండ్‌గా (అవతలివాడు అందుకోవడం మొదలుపెట్టేదాకా కదలని సెండ్) మార్చి చిన్న గ్రిడ్ మీదే నడుపుతా. ఆగిపోతే తప్పు నాదే.

చిన్నచిన్నవి చాలా ఉన్నాయి. లాగిన్ నోడ్ మీద మార్చ్ నేటివ్ (ఆ మెషీన్ ప్రాసెసర్‌కే తగ్గట్టు కంపైల్ చెయ్యమనే ఆప్షన్) పెట్టి కంపైల్ చేసి, పాత కంప్యూట్ నోడ్ మీద "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" తినడం. జీఫోర్ట్రాన్ కంపైలర్ వెర్షన్ మారగానే ఎంపీఐ మాడ్యూల్ ఫైల్ చదవనని మొండికేయడం. ఇవి అలవాటైపోతాయి.

ఎంపిచ్‌కి మారతావా అని అడిగితే, మారను. చుక్కల గీతల మధ్య వచ్చే దీని పొడవాటి ఎర్రర్ సందేశాలు చూడగానే చిరాకు పుట్టించినా, ఓపిగ్గా చదివితే చాలాసార్లు మందు అందులోనే రాసి ఉంటుంది. ఇప్పుడు నా ప్రతి జాబ్ స్క్రిప్టులోనూ మాడ్యూల్ పర్జ్ (లోడై ఉన్న మాడ్యూళ్లన్నీ తీసేసే కమాండ్) తర్వాత మూడు లైన్లు ఉంటాయి: ఎంపీఐరన్ ఏ దారిలోది, షోమీ ఏమంటోంది, ఎల్‌డీడీ ఏ లైబ్రరీ చూపిస్తోంది. మా కుర్రాడికీ అవే కాపీ చేసి ఇచ్చాను. కొత్త పనులన్నీ ఓపెన్ ఎంపీఐ 5.0 మీదే. ఒక్క పాత కోడ్ మాత్రం ఇంకా 3.1 దగ్గరే ఉంది. అందులో టైప్ స్ట్రక్ట్ అనే పాత కాల్ వాడాను. 2012లో ఎంపీఐ 3.0 ప్రమాణం దాన్ని తీసేసింది, తన 4.0 వెర్షన్ నుంచి ఓపెన్ ఎంపీఐ కూడా మామూలుగా ఒప్పుకోదు. మార్చడానికి అరపూట చాలు. రెండేళ్లుగా ఆ అరపూట దొరకలేదు.