బెంగళూరు నుంచి గండికోట వారాంతపు టూరు: నా అభిప్రాయం

శుక్రవారం రాత్రి మారతహళ్లిలో ఎక్కించుకున్నారు, ఆదివారం మధ్యాహ్నానికి అక్కడే దింపారు. తలకు 3,500 రూపాయలు. బస్సు బాగుంది, డ్రైవరు నిదానస్తుడు. టెంట్లు శుభ్రంగా ఉన్నాయి, బాత్రూములే చాలలేదు. పొద్దున పెట్టిన ఉగ్గాని, బజ్జీ అచ్చం మావైపు రుచే. వండింది అక్కడి ఆడవాళ్లు మరి.

మాది గండికోటకు దగ్గరున్న జమ్మలమడుగు పక్క. అందుకే కోట పక్కనున్న పెన్నా నది లోయ గురించి వాళ్లు చెప్పింది నాకు చాలలేదు. 'ఇండియా గ్రాండ్ కాన్యన్' అని మైకులో ఓ మాట, అంచున ఫొటోలకు అరగంట, అయిపోయింది. ఆ ఎర్రబండలు గ్రానైటని కూడా చెప్పారు. కాదు, అది క్వార్ట్‌జైటు. నూరు కోట్ల ఏళ్ల కిందటికంటే ముందు పేరుకున్న ఇసుక గట్టిపడి అయిన రాయి. అంచున కూర్చుని తీరిగ్గా చూడండి: నాపబండలు పేర్చినట్టు అడ్డంగా పొరలు, వాటిని నిలువునా చీల్చిన పగుళ్లు. ఆ పగుళ్ల వెంట దిమ్మెలు ఊడి పడబట్టే గోడలు అంత నిట్టనిలువుగా ఉన్నాయి. ఎర్రమల కొండల్ని అలా కోసుకుంటూ పోయింది పెన్న. ఆ పెన్న పుట్టింది మనం సూర్యోదయం చూడ్డానికి పోయే నందికొండల్లో (నంది హిల్స్)! బస్సు చిక్కబళ్లాపుర దాటేటప్పుడు ఆ సంగతి చెప్పుంటే పిల్లలు కిటికీలకు అతుక్కుపోయేవాళ్లు. అప్పుడు సినిమా పాటలు పెట్టారు.

కోట చూపించడానికి మాత్రం కోటలోపలి ఊరి పెద్దాయన్నే పెట్టారు. ఈ టూరుకు నేనిచ్చే మార్కులన్నీ ఆయనవే. మాధవరాయస్వామి గోపురం, జామియా మసీదు, ధాన్యాగారం, కత్తుల కోనేరు దేన్నీ హడావిడిగా దాటించలేదు. కోటనేలిన పెమ్మసాని నాయకుల సంగతి, 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా కోటను పట్టుకున్న సంగతి మా ఇంటి పెద్దల మాటలాగే చెప్పాడు. ఇనుప మేకుల తలుపుల మధ్యనుంచే ఊరి మేకలు పోతుంటే పక్కకు జరిగి దారిచ్చాడు. ఈ కోటలో కాపురాలు ఇంకా ఉన్నాయని చాలామందికి అక్కడికొచ్చాకే తెలిసింది.

"ఏవూరు తల్లీ మీది?" అని నన్నడిగాడు. మా మేనత్తది తాళ్లప్రొద్దుటూరని చెప్పాను. "ఓ, మునిగిన ఊరు" అన్నాడు.

ఎగువన గండికోట జలాశయం ఉంది, 26.85 టీఎంసీలు. శ్రీశైలం నుంచి గాలేరు నగరి కాలువమీద కృష్ణ నీళ్లొస్తాయి. కరువు సీమకు ఆ నీళ్లు కావాలి, నేను కాదనను. 2020లో ఆ నీళ్ల కింద తాళ్లప్రొద్దుటూరు పోయింది. అత్తావాళ్లు ఇప్పుడు పునరావాస కాలనీలో ఉంటున్నారు. రెండు రోజుల టూరులో అలా మునిగిన ఊళ్ల పేరెత్తకపోవడం నాకు బాధనిపించింది. రాత్రి క్యాంప్‌ఫైర్ పాటలు ఒక గంట తగ్గించి ఇది చెప్పొచ్చు. నిర్వాహకులకు ఈ మాట రాసి పంపాను కూడా.

వెళ్లాలనుకునేవాళ్లు నవంబరు, ఫిబ్రవరి మధ్య వెళ్లండి. ఎండాకాలం కడప ఎండకు ఆ బండలమీద నిలవలేరు. బుక్ చేసేముందే కోట ఊరి మనిషిని గైడుగా పెడతారా అని అడగండి. పెట్టం అంటే వేరే టూరు చూసుకోండి.