అమెరికాలో పిల్లల ఇంటికని విజయవాడలో హీటింగ్ కేబుల్ కొంటున్నారా? ఆగండి

నీటి పైపులు గడ్డకట్టకుండా చుట్టుకునే హీటింగ్ కేబుల్ అని చెప్పి విజయవాడలో ఒక దుకాణం అమ్ముతున్న సరుకు గురించి ఇది రాస్తున్నాను. పెట్టె మీద "110–240 వోల్టులు, అన్ని దేశాల్లోనూ పనిచేస్తుంది" అని ఉంటుంది. పనిచేయదు. అంతటితో పోతే డబ్బు దండగైందని ఊరుకునేదాన్ని. కానీ ఆ దుకాణదారు చెప్పినట్టు వాడితే ఇల్లు అంటుకునే ప్రమాదం కూడా ఉంది. పిల్లల దగ్గరికి వెళ్తూ ఇలాంటిది కొనాలనుకునేవారు ముందు ఇది చదవండి.

బెజవాడలో పైపులు గడ్డకట్టడమేమిటని నవ్వేవారు ఉంటారు. నిజమే, మే నెలలో మేడ మీది ట్యాంకు నీళ్లు ఒంటిమీద పోసుకోలేనంత వేడెక్కడమే మనకు తెలిసిన బాధ. మా అమ్మాయి వాళ్లు ఉండేది డల్లాస్ దగ్గర. టెక్సాస్ కూడా ఎండల ప్రాంతమే. అందుకే అక్కడి ఇళ్లు గట్టి చలిని దృష్టిలో పెట్టుకుని కట్టినవి కావు. చాలా ఇళ్లలో నీటి పైపులు అటక మీదుగా, బయటి గోడల లోపలగా పోతాయి. 2021 ఫిబ్రవరి 16న డల్లాస్ విమానాశ్రయం దగ్గర ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 19 డిగ్రీల సెల్సియస్ వరకు పడిపోయింది. ఆ వారం టెక్సాస్‌లో 45 లక్షలకు పైగా ఇళ్లకు కరెంటు పోయింది. ఎన్నో ఇళ్లలో పైపులు పగిలి, మంచు కరగగానే పైకప్పుల్లోంచి నీళ్లు దిగాయి. మా అమ్మాయి ఇంట్లో వంటగది పైకప్పు ముక్క నాని ఊడిపడింది. అప్పటినుంచి చలికాలం దగ్గరపడుతోందంటే మా అల్లుడు వాతావరణ వార్తలు తప్ప వేరేవి చూడడు.

అందుకే ఈసారి మేము వెళ్లేటప్పుడు ఈ కేబుల్ తీసుకెళ్దామని మావారు అన్నారు. దుకాణదారు చాలా మర్యాదస్తుడు. కుర్చీలు వేయించాడు, మజ్జిగ తెప్పించాడు. "మేడమ్, అమెరికాకు మన దగ్గర నుంచే చాలామంది పట్టుకెళ్తున్నారు. అక్కడ దీనికి రెట్టింపు ధర" అన్నాడు. అమెరికాలో 120 వోల్టులే కదా అని నేను ప్రత్యేకంగా అడిగాను. పెట్టె మీది స్టిక్కర్ మీద వేలు పెట్టి చూపించాడు. థర్మోస్టాట్ ఉందా అని అడిగితే, ప్లగ్గు దగ్గరున్న నల్లటి బుడిపె చూపించి, "చలి తగలగానే దానంతట అదే ఆన్ అవుతుంది, వేడెక్కగానే ఆగిపోతుంది" అన్నాడు. తరువాత అక్కడే ప్లగ్గులో పెట్టి కేబుల్ నా చేతికిచ్చాడు. క్షణాల్లో వెచ్చబడింది. "చూశారా, ఎంత బాగా పనిచేస్తోందో!"

ఏడు వేల ఎనిమిది వందల రూపాయలు. జీఎస్టీ బిల్లు ఇవ్వమంటే మొదట చిట్టీ రాసివ్వబోయాడు. పట్టుబట్టాక బిల్లు ఇచ్చాడు కానీ, అందులో సరుకు పేరు "ఎలక్ట్రికల్ వస్తువులు" అని మాత్రమే ఉంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీని అవసరం తరువాత వస్తుంది.

డల్లాస్‌లో మా అల్లుడు దాన్ని పైపుకు చుట్టకముందే పరీక్షించాడు. అది మా అదృష్టం. కరెంటు ఎంత తీసుకుంటోందో చూపే చిన్న మీటరు పెట్టి ప్లగ్గులో గుచ్చాడు. పెట్టె మీద 200 వాట్లని ఉంది. మీటరు యాభైకి కాస్త పైన చూపించింది. దీనికి పెద్ద చదువు అక్కరలేదు. 230 వోల్టులకు చేసిన హీటరు వైరును 120 వోల్టులకు తగిలిస్తే వోల్టేజీ దాదాపు సగమవుతుంది, వేడి మాత్రం సగం కాదు, దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. గడ్డకట్టే రాత్రి అటకలో ఆ వెచ్చదనం ఏ మూలకూ రాదు. ఆ తరువాత స్టిక్కర్ అంచు గోటితో లేపి చూస్తే దాని కింద అసలు అచ్చు బయటపడింది: 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అంటే ఎవరో కావాలనే దాని మీద ఇంకొకటి అంటించారు.

ఇక థర్మోస్టాట్ సంగతి. గట్టి మోసం ఇక్కడే ఉంది. చలికి కాపాడే ఇలాంటి కేబుళ్లలో థర్మోస్టాట్ సాధారణంగా 3 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల ఆన్ అవుతుంది. అంతకన్నా వేడిగా ఉన్నంతసేపు కరెంటు పోనివ్వదు. మరి విజయవాడ దుకాణంలో, ఫ్యాను కింద కూడా చెమటలు పట్టే మధ్యాహ్నం, ఆ కేబుల్ నా చేతిలో ఎలా వెచ్చబడింది? అసలైనదైతే అక్కడ చల్లగానే ఉండాలి. ఏ ప్రదర్శన చూపించి మమ్మల్ని నమ్మించాడో, అదే అది నకిలీ అనడానికి సాక్ష్యం. మా అల్లుడు ఐసు ముక్కలు నింపిన ప్లాస్టిక్ సంచిని ఆ బుడిపెకు కట్టి చూశాడు. కట్టినా, తీసేసినా మీటరులో అంకె మారలేదు. చివరికి బుడిపె కోసి చూస్తే లోపల వైర్ల అతుకు, దాని చుట్టూ జిగురు, అంతే.

తిరిగి వచ్చాక ఒక ముక్క తీసుకెళ్లి గుంటూరులో మా బాబాయి కొడుక్కి చూపించాను. కోల్డ్ స్టోరేజీల యంత్రాలు బాగుచేయడం అతని పని. చూడగానే చెప్పాడు: "అక్కా, ఇది తలుపు హీటరు వైరు." రొయ్యలు, చేపలు నిలవచేసే ఫ్రీజర్ గదులు సున్నాకు దిగువన 18 డిగ్రీల్లో ఉంటాయి. ఆ చలికి తలుపు చట్రానికి అతుక్కుని గడ్డకట్టకుండా చట్రం చుట్టూ ఈ సిలికాన్ వైరు వేస్తారట. మంచు కరిగిన నీళ్లు బయటికిపోయే గొట్టాల్లోనూ ఇలాంటిదే వాడతారు. గుంటూరు మిర్చి గోదాముల్లో అంత చలి పెట్టరు కాబట్టి అక్కడ దీని అవసరం అంతగా ఉండదని కూడా చెప్పాడు. వైరు దాని చోట మంచి సరుకే. అక్కడ దాన్ని నియంత్రించే పరికరం వేరుగా ఉంటుంది, తనిఖీ చేసే మనిషి ఉంటాడు. ఎవరూ ఎక్కని అటకలో, కొయ్య వాసాల మధ్య, ప్లాస్టిక్ పైపుకు చుట్టడానికి చేసినది కాదు. చుట్టూ లోహపు అల్లిక లేదు, ఎర్తు లేదు, ప్లగ్గుకు రెండే పిన్నులు.

ప్రమాదం ఎక్కడంటే, ఫోనులో మేము గట్టిగా అడిగితే ఆ దుకాణదారు ఇచ్చిన సలహా: "వోల్టేజీ పెంచే ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి పెట్టుకోండి, సరిపోతుంది." దయచేసి ఆ పని చేయకండి. థర్మోస్టాట్ లేని వైరుకు పూర్తి వోల్టేజీ ఇస్తే అది రాత్రీ పగలూ కాలుతూనే ఉంటుంది. ఒక చుట్టు మీద ఇంకో చుట్టు పడితే ఆ చోట వేడి రెట్టింపవుతుంది. ఇంగ్లండులోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నవారికి ట్రాన్స్‌ఫార్మర్ కూడా అక్కరలేదు, అక్కడ 230 వోల్టులే కాబట్టి ప్లగ్గు పెట్టగానే ఈ ప్రమాదం మొదలవుతుంది. మంచి కంపెనీల కేబుళ్లను సరిగా అమర్చకపోయినా మంటలు లేస్తాయని అమెరికాలో వినియోగ వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎప్పటినుంచో హెచ్చరిస్తోంది. ఇక నకిలీ సంగతి చెప్పేదేముంది!

కావలసినవారు అక్కడే, వాళ్ల ఊరి హార్డ్‌వేర్ దుకాణంలో కొనుక్కోవాలి. 120 వోల్టులు, మూడు పిన్నుల ప్లగ్గు, భద్రతా పరీక్షలో నెగ్గిందని చూపే యూఎల్ లేదా సీఎస్‌ఏ ముద్ర, ప్లాస్టిక్ పైపుకు పనికొస్తుందన్న మాట పెట్టె మీద ముద్రించి ఉండాలి, అంటించి కాదు. వీటిలో రెండు రకాలు ఉంటాయి. ఒకటి మొత్తం పొడవునా ఒకే వేడి ఇచ్చేది: దీన్ని కత్తిరించకూడదు, ఒకదాని మీద ఒకటి పడేలా చుట్టకూడదు. ఇంకొకటి చలిని బట్టి తన వేడిని తానే తగ్గించుకునేది, హెచ్చించుకునేది: ధర ఎక్కువైనా అటకలకు ఇదే నయం. ఏ రకం కొన్నా, కరెంటు ఎర్తులోకి లీకైతే వెంటనే ఆపేసే సాకెట్టులోనే పెట్టాలి.

నన్నడిగితే కేబుల్ రెండో మాట. 2021లో పైపులు పగిలిన రాత్రుల్లో కరెంటే లేదు, ఎంత మంచి కేబుల్ ఉన్నా తాడుతో సమానం. ముందు చేయాల్సినవి చవకైన పనులు. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. పైపు పగిలేది ఎక్కువగా మంచు కట్టిన చోట కాదు. మంచు బిరడాకీ మూసిన కుళాయికీ మధ్య చిక్కుకున్న నీరు ఒత్తిడి పెరిగి పైపును చీలుస్తుంది. కుళాయిని సన్నటి ధారగా వదలమనేది అందుకే: ఒత్తిడికి దారి ఉంటుంది. నీళ్లు వృథా అవుతున్నాయని కట్టేసే అలవాటు మన పెద్దవాళ్లకు ఉంటుంది. మావారు రెండుసార్లు కట్టేస్తే అమ్మాయి కుళాయికి చీటీ అంటించింది! బయటి గోడకు ఆనుకున్న సింకు కింద అరల తలుపులు తెరిచి ఉంచితే గది వెచ్చదనం పైపుకు తగులుతుంది. తోట గొట్టాన్ని కుళాయి నుంచి ఊడదీసి, ఆ కుళాయికి స్పాంజి లాంటి ఫోమ్ తొడుగు వేయాలి. అటకలోని పైపులకు ఫోమ్ తొడుగులు వేయించాలి. తొడుగు వేడి పుట్టించదు, ఉన్న వేడిని కాసేపు నిలుపుతుంది, అంతే. ఇల్లు వదిలి ఊరెళ్తే నీళ్లు పూర్తిగా కట్టేసి, కుళాయిలు తెరిచి పైపులు ఖాళీ చేయడం అన్నిటికన్నా మేలు.

ఇంటికి వచ్చే నీటిని మొత్తంగా ఆపే వాల్వు ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి, అతిథులుగా వెళ్లిన మనకు కూడా. అక్కడ అది తరచుగా ఇంటి ముందు నేలలో మీటరు పెట్టెలో ఉంటుంది, తిప్పడానికి పొడుగాటి తాళంచెవి లాంటిది కావాలి.

కుళాయి తిప్పితే నీళ్లు రాకపోతే ఆ కుళాయి తెరిచే ఉంచి, దాని వైపు నుంచి మొదలుపెట్టి గడ్డ ఉన్న వైపుకు నెమ్మదిగా వెచ్చబెట్టాలి. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు, వేడినీళ్లలో ముంచి పిండిన తువ్వాలు చాలు. మంట మాత్రం వద్దు. కరుగుతున్నంతసేపు ఎక్కడైనా కారుతుందేమో ఒకరు చూస్తూ ఉండాలి, ఎందుకంటే పగులు అప్పుడే బయటపడుతుంది. పగిలితే నీళ్లు ఆపాక చీలిన ముక్క కోసి, ఆ పైపు రకానికి సరిపడే జాయింటు వేయాలి. ఒత్తిడి ఉన్న పైపు చీలిక మీద పైపైన ముద్ద పూసి నమ్ముకోకూడదు. తాత్కాలికంగా నొక్కి బిగించే జాయింట్లు అక్కడ దొరుకుతాయి, ప్లంబరు వచ్చేవరకు అవి కాపాడతాయి.

ఇక దుకాణదారు మాట. తిరిగివచ్చి కేబుల్ బల్ల మీద పెట్టి స్టిక్కర్ చూపించాను. మజ్జిగ లేదు, కుర్చీ లేదు. మొదట "పైనుంచి అలాగే వచ్చింది" అన్నాడు. తరువాత "విదేశంలో వాడారు కాబట్టి గ్యారంటీ వర్తించదు" అన్నాడు. విదేశంలో వాడడానికని చెప్పే అమ్మిన సరుకు అది! చివరికి బిల్లు చూపించి, "ఇందులో హీటింగ్ కేబుల్ అని ఎక్కడుంది మేడమ్?" అన్నాడు. బిల్లు సంగతి గుర్తుపెట్టుకోమని ముందే చెప్పింది ఇందుకే: సరుకు పేరు, వోల్టేజీ బిల్లులో రాయించుకోవాలి. మా దగ్గర వాట్సాప్‌లో అతను పంపిన ఫొటో, "యూఎస్ 120 వోల్టులకు ఓకే" అన్న సందేశం ఉన్నాయి. అవే ఇప్పుడు మాకు ఆధారం. సగం డబ్బుకు వేరే సరుకు ఇస్తానని బేరం పెట్టాడు, నేను ఒప్పుకోలేదు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల రూపాయల లోపు కొనుగోళ్లకు అక్కడ రుసుము లేదు, ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉంటుంది, లాయరు లేకుండా మన కేసు మనమే చెప్పుకోవచ్చు. ఇదే దుకాణంలో కొన్నవారు ఉంటే పెట్టె పారేయకండి, స్టిక్కర్ పూర్తిగా పీకేయకుండా ఒక మూల లేపి ఫొటో తీసుకోండి, బిల్లు దాచండి. సరుకు గుర్తు: తెల్లటి మెత్తని సిలికాన్ వైరు, రెండు పిన్నుల ప్లగ్గు, దాని పక్కనే నల్లటి బుడిపె, తయారుచేసినవారి చిరునామా లేని నీలం పెట్టె.

ఇప్పటికే కొని పిల్లలకు పంపినవారు, ముఖ్యంగా ట్రాన్స్‌ఫార్మర్‌తో కలిపి పంపినవారు, ఈ రోజే ఫోన్ చేసి ప్లగ్గు తీయించండి.