పంచర్ పడితే ఏది మేలు: ఇన్‌ఫ్లేటరా, స్టెప్నీయా, ఆర్ఎస్ఏకి ఫోనా?

ఇన్సూరెన్స్‌తో పాటు రోడ్‌సైడ్ అసిస్టెన్స్ (ఆర్ఎస్ఏ, అంటే దారిలో బండి ఆగిపోతే ఫోన్ చేస్తే సాయానికి మనిషిని పంపే సర్వీసు) ఎలాగూ ఉంది కదా, మళ్ళీ ఆ గాలి కొట్టే మిషన్, అదే ఇన్‌ఫ్లేటర్, ఎందుకు దండగ అని సంక్రాంతి ముందు ఒకసారి, వేసవి సెలవుల ముందు ఒకసారి ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, అందుకే ఒకేచోట రాసేస్తున్నా. నా లెక్క ఒక్కటే: బండి ఆపాక రోడ్డు పక్కన ఎంతసేపు నిలబడాల్సి వస్తుంది. విజయవాడ హైవే మీద రాత్రిపూట లారీలు, ట్రావెల్స్ బస్సులు ఎడమవైపు నుంచి ఎలా దూరిపోతాయో చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

అందుకే నా ఓటు ఇన్‌ఫ్లేటర్‌కే. మనకి పడే పంచర్లలో ఎక్కువ మేకో స్క్రూనో దిగినవే, ట్యూబ్‌లెస్ టైర్‌లో ఆ మేకు అలాగే ఉంటే గాలి మెల్లగానే పోతుంది, కాబట్టి దాన్ని మాత్రం పీకొద్దు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, 12 వోల్ట్‌ల సాకెట్‌లో ప్లగ్ పెట్టి గాలి 33 పీఎస్ఐ దాకా కొట్టుకుంటే కొద్ది నిమిషాల పని, ఆ తర్వాత నెమ్మదిగా ముందున్న పంచర్ షాపు దాకా పోవచ్చు. పాత టైరు వేలాడదీసిన కొట్టు దాదాపు ప్రతి ఊరి దగ్గరా ఉంటుంది, డాబాల పక్కనైతే లారీల కోసం రాత్రి కూడా తెరిచే ఉంచుతారు, రంధ్రంలో రబ్బరు స్ట్రిప్ దూర్చి వందో నూట యాభయ్యో తీసుకుంటాడు. మిషన్ రెండు మూడు వేలకి మంచిదే వస్తుంది.

మొన్నామధ్య రాత్రి నకిరేకల్ దాటాక మా బావ కారు కుడివైపు వెనక టైరు దిగింది. బావ దిగీ దిగగానే జాకీ తీయబోయాడు. కుడివైపు టైరు అంటే మనిషి ట్రాఫిక్ వైపు వీపు పెట్టి కూర్చోవాలి, 'ముందు ఇక్కణ్ణించి కదులుదాం బావా' అని మిషన్ పెట్టా, మీటర్‌లో 14 చూపించింది. 33 రాగానే బయల్దేరి కొర్లపహాడ్ టోల్ దగ్గర లైట్ల వెలుగులో ఆపుకుని, అక్కడ నింపాదిగా స్టెప్నీ మార్చుకున్నాం.

అలాగని స్టెప్నీని తక్కువ చేయట్లేదు. గుంతలో పడి సైడ్‌వాల్ (టైరు పక్క భాగం) చిరిగితే ఇన్‌ఫ్లేటరూ పనికిరాదు, స్ట్రిప్పూ నిలవదు, అక్కడ స్టెప్నీయే దిక్కు. కానీ దాని తంటాలు దానికున్నాయి. షాపులో గన్‌తో బిగించిన నట్లు బండితో వచ్చిన చిన్న పానాకి లొంగవు, పానా మీద ఎక్కి తొక్కాలి, అదీ జాకీ ఎత్తకముందే వదులు చేసుకోవాలి. పండక్కి ఊరెళ్తున్నామంటే డిక్కీలో సూట్‌కేసులూ సకినాల డబ్బాలూ అన్నీ రోడ్డు మీద పరచాలి. తీరా తీస్తే అందులో గాలి ఉండదు, ఏడాదిగా ఎవరూ చూసి ఉండరు కాబట్టి! గాలి కొట్టించేటప్పుడు నాలుగు టైర్లతో పాటు దాన్నీ చూడమని అడగండి. చిన్న సైజు స్టెప్నీ అయితే దాని మీద గంటకి 80 కిలోమీటర్లు అని రాసి ఉంటుంది, అంతకు మించిన స్పీడ్‌లో పోవద్దు.

ఇక ఆర్ఎస్ఏ. ఉండాలి, కానీ దాని మీదే ఆధారపడితే కష్టం. ఫోన్ చేస్తే లొకేషన్ అడుగుతారు, మెసేజ్ వస్తుంది, ఆ తర్వాత మనిషి దగ్గర్లో ఉన్న టౌన్ నుంచి రావాలి, గంట పట్టొచ్చు, రెండు గంటలూ పట్టొచ్చు. వచ్చి ఎక్కువగా చేసేది మన స్టెప్నీ మనకి బిగించడమే, కొత్త టైరేమీ తేరు. శ్రీశైలం రోడ్డులో మన్ననూర్ దాటి అడవిలోకి పోయాక చాలాచోట్ల సిగ్నలే ఉండదు, ఇక ఫోన్ ఎవరికి చేస్తాం? రాత్రి తొమ్మిదికి అక్కడి చెక్‌పోస్టు గేటు కూడా వేసేస్తారు. ఆర్ఎస్ఏ నిజంగా కావాల్సింది స్టెప్నీ లేని కార్లవాళ్ళకి. 2020లో రూల్ మార్చారు కదా, ట్యూబ్‌లెస్ టైర్లు, రిపేర్ కిట్, టైర్ ప్రెషర్ చూపించే సెన్సర్లు ఉంటే స్టెప్నీ ఇవ్వక్కర్లేదని, అందుకే కొన్ని ఈవీలకి, సీఎన్‌జీ బండ్లకి డిక్కీలో కిట్ మాత్రమే వస్తోంది. వాటికి సైడ్‌వాల్ పోతే టోయింగే.

నేషనల్ హైవే మీదైతే ఆర్ఎస్ఏ కన్నా ముందు హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ కొట్టండి, 24 గంటలూ పనిచేస్తుంది. పెట్రోలింగ్ బండి వచ్చి వెనక కోన్‌లు పెట్టినా చాలు, సగం భయం పోతుంది. వాళ్ళు వచ్చేదాకా హజార్డ్ లైట్లు వేసి, ట్రయాంగిల్ బాగా వెనక పెట్టి, పిల్లల్ని పెద్దవాళ్ళని కారులోంచి దించి రెయిలింగ్ అవతల నిలబెట్టండి.

ఇంకోటి, టైరు పూర్తిగా కూర్చుంటే నడపకూడదు, సైడ్‌వాల్ నలిగిపోతుంది, అది నిజమే. కానీ మలుపులోనో బ్రిడ్జి మీదో ఆగిపోతే మాత్రం టైరు పోతే పోయిందని పాకించుకుంటూ విశాలమైన చోటుకి తీసుకెళ్ళి ఆపుతా. ఐదారు వేల టైరు కోసం అక్కడ నిలబడే ధైర్యం నాకు లేదు.

టైర్లో ముందే పోసుకునే సీలెంట్ గురించి కూడా అడుగుతున్నారు. నేను వాడను, తర్వాత స్ట్రిప్ వేసేవాడు ఆ జిగురు చూసి తిట్టుకుంటాడు. బైకుల్లో ట్యూబ్ టైర్ ఉన్నవాళ్ళకి పైన చెప్పిందేదీ వర్తించదు, దాంట్లో మేకు దిగితే గాలి వెంటనే పోతుంది, లాంగ్ వెళ్ళేటప్పుడు ఒక స్పేర్ ట్యూబ్ పెట్టుకోండి చాలు.