గోల్డ్‌వింగ్ ముందు చక్రానికి వెనక టైరు: 22 వేల కిలోమీటర్ల తర్వాత

నా బండి హోండా గోల్డ్‌వింగ్ జీఎల్1800 మోటార్‌సైకిల్. బండే నాలుగు వందల కిలోలకు పైన, దాని మీద నేను, వెనక మా ఆవిడ, పెట్టెల నిండా సామాను. బ్రేకు వేసిన ప్రతిసారీ ఈ బరువు ముందు టైరు మీదకి వచ్చి పడుతుంది. ఈ బండిలో కాలి బ్రేకు తొక్కినా ముందు డిస్కులు కూడా పట్టుకుంటాయి కాబట్టి ఆ టైరుకి ఊపిరాడదు. నా ముందు టైర్లు పూర్తిగా అరిగేలోపే పాడయ్యేవి. ప్రతి గాడి దగ్గరా ఒక అంచు ఎత్తుగా, ఇంకో అంచు పల్లంగా తయారై, చేత్తో నిమిరితే రంపంలా తగిలేవి. మలుపులో బండి వంచితే ఒకటే మోత. కిందటిది 14 వేల కిలోమీటర్లకే అలా అయింది.

ఈసారి బ్రిడ్జ్‌స్టోన్ బ్యాట్లాక్స్ బీటీ-45లో, వెనక చక్రం కోసం చేసిన 130/70-18 టైరుని ముందు వేయించాను. గోల్డ్‌వింగ్ నడిపేవాళ్లలో ఏళ్లుగా ఉన్న అలవాటే ఇది. ఈ బండి ముందు టైరు సైజు కూడా 130/70, 18 అంగుళాలే. సైజు కలవకపోతే ఈ ఆలోచనే పెట్టుకోకూడదు. చుట్టుకొలత మారితే రెండు చక్రాల వేగం పోల్చుకుంటూ, బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లెక్క తప్పుతుంది.

టైరు పక్కన ఉండే బాణం గుర్తు గురించి మాత్రం ఆగి చెప్పాలి. వెనక టైరుని ముందు వేస్తే బాణం వెనక్కి తిరిగేలా బిగించాలి. టైరు తయారు చేసేటప్పుడు పైన ఉండే రబ్బరు పట్టీని ఏటవాలుగా కోసి, ఒక కొస మీద ఇంకో కొస వచ్చేలా అతికిస్తారు. వెనక చక్రం మీద ఇంజను లాగుడు ఎక్కువ, ముందు చక్రం మీద బ్రేకు లాగుడు ఎక్కువ. రెండూ ఎదురెదురు దిశలు. బాణం ప్రకారమే ముందు బిగిస్తే బ్రేకు వేసినప్పుడల్లా ఆ అతుకుని విప్పుతున్నట్టే. నాకు బిగించిన మెకానిక్ అలవాటు కొద్దీ బాణం చూసి ఎక్కించబోతే ఆపి, తిప్పించాను. అంతకుముందు వెళ్లిన షాపులో అయితే ఇలా వేయడం కుదరదనేశారు. వాళ్లని తప్పుపట్టను. బండి కంపెనీ ఒప్పుకోని పని ఇది. మాన్యువల్ ప్రకారం ముందు రేడియల్ టైరు (లోపలి దారాలు అడ్డంగా తిన్నగా ఉండేది) వేయాలి, ఇదేమో బయాస్ టైరు (దారాలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటేది).

మొదటి రోజు హ్యాండిల్ బరువుగా అనిపించింది. వెనక టైరు నడినెత్తి గుండ్రంగా ఉంటుంది, ముందు టైరులా కొంచెం మొన తేలి ఉండదు. అందుకని బండి తనంతట తాను మలుపులోకి వాలదు, మనం వాల్చాలి. మాన్యువల్ చెప్పిన 36 పీఎస్‌ఐ గాలి ఒత్తిడితో ఇది మరీ ఎక్కువగా తెలిసింది. టైరు మీద ముద్రించిన గరిష్ఠ పరిమితి చూసుకుని 40కి పెంచాక చాలావరకు తేలికైంది. వారం తిరిగేసరికి చేతులు అలవాటుపడ్డాయి. తిప్పి బిగించాం కాబట్టి గాడుల వాటం కూడా ముందు టైరు గాడుల్లాగే కుదిరింది. జోరు వానలో రెండు రోజులు నడిపాను, జారిన భయం ఒక్కసారీ కలగలేదు.

అన్నిటికంటే నాకు నచ్చింది అరుగుదల. కొత్తలో గాడి మధ్యలో 7 మిల్లీమీటర్లు కొలిచాను. 22 వేలు తిరిగాక నిన్న చూస్తే 3.5 ఉంది. నిమిరితే చెయ్యి సాఫీగా జారుతోంది. మోత లేదు, హ్యాండిల్ వణుకు లేదు. వెనక కూర్చున్న మా ఆవిడకి టైరు మార్చిన సంగతి నేను చెప్పలేదు. మలుపుల్లో శబ్దం ఏమైందని తనే అడిగింది.

తేలికపాటి బండికి ఇలా చేయకండి. దాని ముందు టైరుకి ఇంత కష్టం ఉండదు, మలుపుల్లో చురుకుదనం మాత్రం పోతుంది. ఘాట్ రోడ్డు మీద వేగంగా బండి తిప్పే సరదా ఉన్నవాళ్లకీ వద్దంటాను. బరువైన బండి మీద ఇద్దరు కూర్చుని దూరాలు తిరిగేవాళ్లకి మాత్రం సైజూ, టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకే రెండూ బండికి కలిస్తే నమ్మకంగా చెప్తాను. బీటీ-45 స్థానంలో 2020లో బీటీ-46 వచ్చింది. ఇది అరిగాక అందులో ఇదే సైజు వెనక టైరు దొరికితే, మళ్లీ బాణం తిప్పించే బిగించుకుంటాను.