జేజి పెట్టెకు అరిగిన రంగు: ఎమరీ కాగితమా, కొవ్వొత్తా?

కడపలో మా ఇంట్లో జేజి (నాయనమ్మ) నాటి వేపచెక్క పెట్టె ఒకటుంది. దానికి ఎన్నో ఏళ్ల కిందట ఆకుపచ్చ రంగు వేయించారు. దాని మీద లేత రంగు వేసి, చేతులు తగిలి తగిలి అరిగినట్టు, కింది పచ్చ అక్కడక్కడా కనబడేట్టు చేయాలనుకున్నాను. అందుకు దారులు రెండు. వెనక పలక మీద రెండూ చేసి చూశాను.

మొదటిది ఎమరీ కాగితం. పై పూత ఒక రోజంతా ఆరాక 220 నంబరు కాగితంతో రుద్దాలి. ఎంత అరగాలో మన చేతిలోనే ఉంటుంది, అది పెద్ద సుఖం. కానీ ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ రుద్దితే పచ్చ కూడా పోయి ఒట్టి చెక్క బయటపడుతుంది. ఎనామిల్, అంటే నూనె రంగు వేస్తే ఇంకా కష్టం. పైన ఆరినట్టున్నా లోపల మెత్తగా ఉండి కాగితానికి జిగటగా అంటుకుంటుంది. నీళ్లతో కలిపే ఎమల్షనే మేలు.

రెండోది కొవ్వొత్తి. అరిగినట్టు కనబడాల్సిన చోట పచ్చ మీద కొవ్వొత్తి గట్టిగా రుద్ది, పైన లేత రంగు వేయాలి. మైనం ఉన్న చోట రంగు పట్టదు. ఆరాక పాత గరిటె అంచుతో గీకితే పెచ్చులుగా లేస్తుంది. ఆ అంచులు వంకరటింకరగా, నిజంగా రాలినట్టే వస్తాయి. అయితే మిగిలిన మైనం గుడ్డతో బాగా తుడవకపోతే పైన వార్నిష్ నిలవదు. మన ఎండల్లో బయట పెట్టి చేయొద్దు, మైనం మెత్తబడి పాకిపోతుంది. పొద్దున్నే నీడలో చేసుకోవాలి.

నేను కొవ్వొత్తికే ఓటు వేశాను. అందం కంటే భయమే అసలు కారణం. ఇంటి రంగుల్లో విషమైన సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలైంది. అంతకుముందు రంగుల్లో ఎంత సీసం ఉందో పైకి చూసి చెప్పలేం. పొడిగా రుద్దితే ఆ దుమ్ము పిల్లలు ఆడుకునే బండల మీదే పడుతుంది. అందుకే పాత రంగును సబ్బునీళ్లతో కడిగి, వాటర్ పేపర్‌ను (తడిపి రుద్దే ఎమరీ కాగితాన్ని) తడిపి పైపైన మాత్రమే గరుకు చేశాను. పాత రంగు పెచ్చులూడుతుంటే మాత్రం ఇంట్లో ముట్టుకోవద్దు. ఎప్పుడూ రంగు వేయని కొత్త స్టూలైతే ఎమరీయే సులువు.

చాలామంది పలక నడిమధ్యన అరగదీస్తారు. అక్కడ ఎవరి చెయ్యి పడుతుంది? కొక్కెం చుట్టూ, పిడి దగ్గర, మూలల్లో చేస్తేనే నమ్మబుద్ధవుతుంది. మా పెట్టె మూత అంచున జేజి చెయ్యి పడి నిజంగానే అరిగిన చోటొకటుంది. అక్కడ నేను రంగే వేయలేదు.