ప్రోన్‌లో (బోర్లా పడుకుని కాల్చేటప్పుడు) కుడి మోకాలు మడవాలా, చాపాలా?

తిరుపతిలో ఎన్‌సీసీ పిల్లలకు పాయింట్ టూ టూ రైఫిల్ నేర్పేటప్పుడు ఈ ప్రశ్న రాని క్యాంపు లేదు. డ్రిల్లులో రెండు కాళ్లూ వెడల్పుగా చాపి, మడమలు నేలకు ఆనించమంటారు. పోటీల్లో కాల్చేవాళ్లు చాలామంది ఎడమ కాలు చాపి, కుడి మోకాలు పైకి మడుస్తారు.

స్లింగ్ (రైఫిల్‌ను ఎడమ జబ్బకు కట్టే పట్టీ) కట్టుకుని కాల్చేవాళ్లకు నేను మడవమనే చెప్తాను. రెండు కాళ్లూ చాపితే పొట్ట, రొమ్ము నేలకు అదుముకుంటాయి. ఊపిరి పీల్చిన ప్రతిసారీ ఒళ్లు లేచి దిగుతుంది, దాంతో గురి కూడా. పొద్దున్నే పొంగలి కడుపునిండా తినొచ్చిన పిల్లల్లో ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. మోకాలు మడిస్తే బరువు ఎడమ పక్కకు ఒరిగి, పొట్ట కింద కాస్త చోటు దొరుకుతుంది. యాభై మీటర్ల పోటీ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లు, అంటే చొక్కా బొత్తామంత. అక్కడ ఊపిరి కూడా లెక్కే.

చాపే పద్ధతీ పనికొస్తుంది. పెద్ద రైఫిల్ కాల్చగానే వెనక్కి తన్నేటప్పుడు ఒళ్లు దాని వెనకే ఉంటే మంచిది. మొదటిరోజు వాళ్లకు గుర్తుపెట్టుకోవడమూ తేలిక.

అయితే కాలు మార్చినా స్లింగ్ సరిగా లేకపోతే లాభం లేదు. ఒకమ్మాయికి ఫోర్‌సైట్ (గొట్టం ముందు చివర ఉండే గురి ముక్క) టిక్కుటిక్కుమని ఎగురుతూనే ఉండింది. టెన్షన్ అనుకుంది. చూస్తే స్లింగ్ జబ్బ లోపలి వైపు, సరిగ్గా నాడి కొట్టుకునే చోట బిగిసి ఉంది. కింద మడిచిన చొక్కా చెయ్యి ముద్దగా నొక్కుకుని చర్మం మీద ఎర్రటి గాటు. ముడత తీసి, స్లింగ్‌ను భుజం దగ్గరికి, బయటి వైపుకి జరిపాం. ఆ ఎగురుడు చాలావరకు తగ్గింది. రైఫిల్ బరువు మోయాల్సింది స్లింగే. ఎడమచేతి వేళ్లు బిగుసుకున్నాయంటే అది వదులుగా ఉన్నట్టే.

మీకు ఏది సరిపోతుందో తూటా లేని రైఫిల్‌తో చూసుకోండి. గురిపెట్టి కళ్లు మూసుకోండి, రెండుసార్లు ఊపిరి తీసి వదలండి, తెరవండి. గురి ఏ భంగిమలో తక్కువ కదిలిందో అది మీది. కుడిచేతివాళ్లకు గురి కుడికి పోయి ఉంటే ఎడమ మోచేయి కదపకుండా నడుమును కుడికి జరపండి, ఎడమకు పోతే ఎడమకు. చేతులతో మాత్రం తోయొద్దు. తోసిన చెయ్యి ట్రిగ్గర్ నొక్కేలోపే వెనక్కి వచ్చేస్తుంది.