డ్రమ్స్ లేని జాజ్: స్ట్రాట్‌ఫర్డా, బ్రెమెనా?

డ్రమ్స్ లేని జాజ్‌ని లైవ్‌లో వినాలంటే నాకు రెండు రికార్డింగులు గుర్తొస్తాయి. 1956లో కెనడాలోని స్ట్రాట్‌ఫర్డ్‌లో పియానిస్ట్ ఆస్కార్ పీటర్సన్ ట్రయో (ముగ్గురి బృందం) వాయించింది ఒకటి, 1961లో జర్మనీలోని బ్రెమెన్‌లో క్లారినెట్ (ఊదే వాద్యం) వాయించే జిమ్మీ జుఫ్రీ ట్రయో వాయించింది ఇంకొకటి.

పీటర్సన్ దగ్గర తాళం ఎక్కడికీ పోదు. రే బ్రౌన్ బేస్ (లోతైన స్వరాల పెద్ద తీగవాద్యం) అడుగు తర్వాత అడుగులా సాగే తన నడక ఆపదు. హెర్బ్ ఎల్లిస్ అయితే గిటార్‌నే తట్టి బాంగోలా (చేత్తో వాయించే చిన్న డ్రమ్‌లా) మోగించేవాడు. వింటుంటే కాలు దానంతటదే ఆడుతుంది.

జుఫ్రీ దగ్గర ఆ ఊతం లేదు. క్లారినెట్ ఒక మాట అని ఆగుతుంది. పాల్ బ్లే పియానో, స్టీవ్ స్వాలో బేస్ ఆ ఖాళీలోకి మెల్లగా వస్తాయి.

కొత్తవాళ్లు పీటర్సన్‌తో మొదలుపెట్టండి. నాకైతే అర్ధరాత్రి హెడ్‌ఫోన్స్‌లో జుఫ్రీయే కావాలి.